కర్పూరం ఆర్పని మెకానిక్

ఆత్మకూరు,
11 ఏప్రిల్ 2025.

తమ్ముడు రాజమోహన్‌కు అక్క రాసేది.

ఇక్కడ అందరం బాగున్నామని మొదలుపెట్టడం మన ఇంట్లో అలవాటు. బాగాలేము కాబట్టి ఆ ముక్క వదిలేస్తున్నాను. ఉత్తరం చేపల వాసన కొడుతోందని విసుక్కోకు. నాగులమ్మ చేపలు అమ్ముకోవడానికి ఎలాగూ ఉదయగిరి బస్సెక్కుతుంది, గంప అడుగున కవర్లో చుట్టి పెట్టాను. జవాబు కూడా ఆమె చేతికే ఇవ్వు. ఫోన్ మాత్రం చెయ్యకు. నా ఫోన్ స్టేషన్లో ఉంది. నీది ఎక్కడ మోగినా పట్టుకుంటామని ఎస్సై నా మొహం మీదే చెప్పాడు. నువ్వు నీ స్నేహితుడి నిమ్మతోట షెడ్డులో ఉన్నావని అతనికీ నాకూ నాగులమ్మకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

సురేశ్‌బాబు బతికాడు. నెల్లూరులో ఆపరేషన్ చేశారు. ఐసు దిమ్మెలు లాగే కొక్కెం అరచేతిలో దిగి అవతలికి వచ్చింది కదా, నరాలు తెగిపోయాయట. కుడిచేతి వేళ్ళు ఇక ముడవలేడట. మెకానిక్‌కు కుడిచెయ్యి పోతే ఏం మిగిలినట్టు? నీ మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు. వాడు దొంగే, ఒప్పుకుంటాను. సేఫ్టీ వాల్వు పోయింది, మార్చకుండా మిషను నడిపితే పేలుతుందన్నాడు. నిజమైతే కర్పూరం ఆర్పి ఆ మాట చెప్పమన్నావు. ఆర్పనన్నాడు. నాయన ఫ్యాక్టరీ పెట్టిన నాటినుంచీ మాలకొండ స్వామి పటం ముందు కర్పూరం ఆర్పి ఒట్టు వెయ్యకుండా ఏ మెకానిక్కూ మన మిషను మీద చెయ్యి వెయ్యలేదు. ఆర్పనివాడు అబద్ధాలకోరే. కానీ అబద్ధాలకోరును నాలుగు తిట్టి గేటు బయటికి నెడతారు గాని కొక్కెంతో పొడుస్తారా? పొడిచింది చాలక, కిందపడి కొట్టుకుంటున్నవాడిని కడుపులో తన్నావు. చొక్కా పట్టుకుని లాగితే నన్నూ గోడకేసి నెట్టావు. నా మోచెయ్యి ఇంకా కమిలే ఉంది.

పనివాళ్ళు భోజనాలకు పోయి ఉన్నారు గనుక చూసినదాన్ని నేనొక్కదాన్నే. ఎస్సై అడిగితే లోపల గదిలో ఉన్నాను, చూడలేదు అని తప్పించుకున్నాను.

మిషను ఆగిపోయింది. ఎండలు అప్పుడే నిప్పులు చెరుగుతున్నాయి. సోమశిల నుంచి వచ్చే చేపలు ఐసు లేక కుళ్ళుతున్నాయి. ఎ.ఎస్. పేట దర్గా దగ్గర సోడా షాపులవాళ్ళు రోజూ వచ్చి ఉత్త చేతులతో పోతున్నారు. నాగులమ్మ మొగుడు పోలేరయ్య నిన్న కుళ్ళిన చేపల బుట్ట తెచ్చి మన గేటు ముందు కుమ్మరించాడు. "ఇవి మీరే వండుకోండి మా" అని పోయాడు. నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాను. కొత్త మెకానిక్‌ను నేనే వెతుకుతాను. పనీ రావాలి, నీతీ ఉండాలి. రెండూ ఉన్నవాడు జిల్లా మొత్తంలో ఒక్కడైనా దొరకకపోడు.

వేళకు తిను. ఎవరితోనూ తగాదా పెట్టుకోకు.

అక్క,
మాలకొండమ్మ

*

నిమ్మతోట,
15 ఏప్రిల్.

అక్కకు దండాలు.

నీ ఉత్తరం కాసేపు ఎండలో ఆరేస్తే గాని చదవడానికి రాలేదు. ఇక్కడ ఎండకు కొదవ లేదు. పొద్దున్నుంచీ ఉదయగిరి కొండ కాగి, ఆ సెగంతా ఈ రేకుల షెడ్డు మీదికే వస్తుంది. ఐసు ఫ్యాక్టరీ ఓనరు చల్లటి నీళ్ళకు మొహం వాచిపోయాడని నవ్వుకో.

మొన్న పాము వచ్చింది. పారతో నరికాను. రెండు ముక్కలయ్యాక కూడా చాలాసేపు కొట్టుకుంది, చూస్తూ కూర్చున్నాను. నిన్న మేకల కాపరి ఒకడు కిటికీలోంచి తొంగిచూశాడు. గొంతు పట్టుకుని గోడకు ఆనించి, "నన్ను చూసినానని యాడన్నా కూసినావంటే నీ మేకల్ని కాదురా, నిన్నే కోస్తా" అన్నాను. నిలబడ్డచోటే పంచ తడుపుకున్నాడు. తగాదా పెట్టుకోవద్దన్నావు. తగాదాకు ఇద్దరు కావాలి, వాడు తిరిగి ఒక్క మాటన్నా అనలేదు.

సురేశ్‌బాబు చెయ్యి సంగతి నాకు రాయొద్దు. నాయన పెట్టిన స్వామి పటం ముందు నిలబడి "నేను ఆర్పను సార్" అని నవ్వాడు. నువ్వు వాడి వెనక ఉన్నావు, ఆ నవ్వు నీకు కనపడలేదు. మన కూడు తిని, మన దేవుడి ముందు నిలబడి మనల్ని చూసి నవ్వితే ఊరుకోవడానికి నేను రాయిని కాదు.

ముఖ్యమైన సంగతి. తోట స్నేహితుడి చేత లాయరు కబురు పంపాడు. సురేశ్‌బాబు మాట తప్ప పోలీసుల దగ్గర ఏ సాక్ష్యమూ లేదట. ఆ రోజు నేను ఊళ్ళోనే లేనని నువ్వు కోర్టులో చెబితే కేసు అక్కడితో పోతుంది. చెప్పకపోతే నేను జైల్లోనే ముసలివాడినవుతాను. నా బతుకంతా నీ ఒక్క మాట మీద ఉంది. ఇంతకంటే నేను రాయక్కర్లేదు.

మెకానిక్ ఎవడొచ్చినా కర్పూరం మానకు. ఆర్పినవాడికే తాళాలు ఇవ్వు. పని చెడగొడితే కాళ్ళు విరుగుతాయని మొదటిరోజే చెప్పు, పని దానంతటదే కుదురుతుంది.

మాగాయ ఉంటే కొంచెం పంపు. ఇక్కడ కూడు గొంతు దిగడం లేదు.

తమ్ముడు,
రాజమోహన్

*

ఆత్మకూరు,
27 ఏప్రిల్.

మోహనా,

మాగాయ పంపుతున్నాను, ఒక్కపూటే ఊడ్చెయ్యకు.

మెకానిక్‌ల కథ చెబుతాను విను. నెల్లూరు నుంచి రామనారాయణ అని ఒకడు వచ్చాడు. నుదుట విభూతి, మణికట్టుకు మోయలేనన్ని తాళ్ళు. కర్పూరం అనగానే, "ఒకటేంది మా, రెండు పెట్టండి" అన్నాడు. రెండూ ఆర్పి చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. ఇలాంటివాడు ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడా అని కాఫీ నేనే కలిపి ఇచ్చాను. సాయంత్రానికి మిషను నడిచింది, ఐసు వచ్చింది. నాలుగు దిమ్మెలు పోలేరయ్యకు ఊరికే ఇచ్చాను. రెండురోజులు తిరక్కుండానే మోటారు మూలిగి ఆగిపోయింది. విప్పి చూస్తే నిరుడు మనం వేయించిన కొత్త సామానంతా మాయం. పాత తుక్కు బిగించి పోయాడు.

బస్టాండుకు పరిగెత్తాను. గోనెసంచి ఒళ్ళో పెట్టుకుని నెల్లూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. సంచి లాగితే నా చెయ్యి కొరికాడు. చెప్పు తీశాను. అది తెగిపోతే రెండోది తీశాను. వాడి పెదవి చిట్లి రక్తం కారుతుంటే ఎవరో వెనకనుంచి "చాల్లే మా, చస్తాడు" అని నన్ను పట్టుకున్నారు. అప్పటికిగాని నా చెయ్యి ఆగలేదు. జనం ఫోన్లలో వీడియోలు తీశారు. నీకు ఎక్కడినుంచి వచ్చిందా ఈ కోపం అని అనుకునేదాన్ని, నాలోనూ బోలెడుంది.

సామాను తిరిగొచ్చింది గాని బిగించేవాడు కావాలి. కొండాపురం నుంచి సుబ్బన్న అని పెద్దాయన దొరికాడు. కర్పూరం ఆర్పుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నాకు ఫ్రిజ్జులు బాగా వచ్చు మా. ఇంత పెద్ద మిషను ఒకటే చేసినా" అని దాచకుండా చెప్పాడు. సేఫ్టీ వాల్వు ఎలా ఉందని అడిగాను. పైనా కిందా తట్టి చూసి, "నాకు తెలిసినంతలో బాగానే ఉండాది" అన్నాడు. ఒట్టు వేసిన మనిషి మాట కంటే ఇంకేం కావాలి? మన స్పానర్లు భోజనానికి పోయేటప్పుడు కూడా తుడిచి నా చేతికిచ్చి పోతాడు. పాపం, బంగారం లాంటి మనిషి. రేపో ఎల్లుండో మిషను నడుపుతాడు.

కోర్టు సంగతి ఇప్పుడు అడగకు. ముందు మిషను నడవనీ.

అక్క

*

ఆత్మకూరు ఆసుపత్రి,
2 మే.

మోహనా,

పేలింది.

సుబ్బన్న నిచ్చెన మీద ఉండగా సేఫ్టీ వాల్వు పగిలి అమోనియా గ్యాసు బయటికి తన్నింది. నిచ్చెనతో సహా వెనక్కి పడ్డాడు, నడుము విరిగింది. పోలేరయ్య కింద ఐసు ఎత్తుకుంటున్నాడు. గ్యాసు నేరుగా వాడి మొహం మీదికి వచ్చింది. కళ్ళు మూసుకుని గుడ్డిగా పరిగెత్తి తలుపనుకుని గోడను గుద్దుకున్నాడు. బయటికి లాక్కొచ్చేసరికి మొహం తోలు వలిచినట్టు ఉంది, దగ్గితే రక్తం పడింది. నేను తడి తువ్వాలు ముక్కుకు కట్టుకుని లోపలికి పోయి మెయిన్ వాల్వు కట్టేశాను. నా గొంతు ఇంకా మండుతోంది, అందుకే మాట్లాడలేక నీకు రాస్తున్నాను.

అంతటితో అయిపోలేదు. చేపలవాళ్ళంతా వచ్చారు. అద్దాలన్నీ రాళ్ళతో పగలగొట్టారు. కిందపడి ఉన్న సుబ్బన్నను తెడ్లతో కొట్టారు. నడుము విరిగిన మనిషిని, మోహనా. "నేను అబద్ధం చెప్పలేదు నాయనా, నాకు తెలీలా" అంటూనే దెబ్బలు తిన్నాడు. అడ్డం పోతే నా నెత్తికి రాయి తగిలింది, కుట్లు వేశారు. సుబ్బన్న చెప్పింది నిజమే, అబద్ధం ఆడలేదు. ఆయన నీతిని తీసుకుపోయి పోలేరయ్య కళ్ళలో పెడదామా? డాక్టరు ఒక కన్ను పోయినట్టే అంటున్నాడు. రెండోది చూడాలి అంటున్నాడు.

ఒక సంగతి నన్ను తొలిచేస్తోంది. సేఫ్టీ వాల్వు పేలుతుందని చెప్పింది సురేశ్‌బాబు ఒక్కడే. రెండు కర్పూరాలు ఆర్పినవాడు దొంగతనం చేశాడు. ఏడుస్తూ ఆర్పినవాడు మనుషుల్ని కాల్చాడు. ఆర్పనన్నవాడు చెప్పిందే జరిగింది. మరి వాడు ఎందుకు ఆర్పలేదు?

ఈ ఉత్తరం నాగులమ్మే తెస్తోంది. మొగుడు ఆసుపత్రిలో ఉంటే నువ్వెందుకు పోవడం అంటే, "పొయ్యి వెలగాల గదమ్మా" అంది. ఆమెకు మంచినీళ్ళు ఇచ్చి మాట్లాడు.

అక్క

*

నిమ్మతోట,
5 మే.

అక్కా,

నెత్తి మీద కుట్లు ఎండిపోయేదాకా తడపకు. రాయి వేసినవాడి పేరు రాసి పంపు, వాడి సంగతి నేను చూసుకుంటాను.

నీకు అర్థం కాని సంగతి నాకు ఇక్కడ కూర్చునే అర్థమైంది. జరగబోయేది ఆ సురేశ్‌బాబుకు ముందే ఎలా తెలిసింది? వాడే వదులు చేసి పోయాడు. ఆర్పితే స్వామి వాడి కళ్ళు పోగొడతాడని భయపడి ఆర్పలేదు. పోలేరయ్య కళ్ళు పోగొట్టింది సురేశ్‌బాబే. ఈ మాట స్టేషన్లో చెప్పు, లాయరు చేత కాగితం రాయించు. వాడి మీద కేసు పడితే నా మీద కేసు చల్లబడుతుంది.

నీ నాగులమ్మకు నోరు ఎక్కువైంది. కొంచెం బుద్ధి చెప్పి పంపాను. పోలేరయ్యకు మందులకూ తిండికీ ఏదో ఒకటి చూసి వాళ్ళ నోళ్ళు మూయించు.

మాగాయ అయిపోయింది.

రాజమోహన్

*

ఆత్మకూరు,
12 మే.

రాజమోహన్‌కు,

నాగులమ్మ ఎడమ చెంప బూరెలా వాచింది. ఏం జరిగిందని అడిగాను. ఆమె అన్నమాట ఇది. "మా మొగుడికి కండ్లు కనపడ్డంలా అబ్బయా అన్నా. అంతే అనింది. చెంప పగలగొట్టి గంప తన్నినాడు. చేపలన్నీ మట్టిలో పడె. పన్ను కదలతా ఉండాది మా." మొగుడి కళ్ళు మన ఫ్యాక్టరీలో పోతే, దాని గురించి చెప్పినందుకు పెళ్ళాం పళ్ళు నువ్వు కదలగొట్టావు. నిన్ను ఏమని తిట్టాలో నాకు తోచడం లేదు. ఈ ఉత్తరం కూడా ఆమే తెస్తుంది. గేటు కాడ పడేసి వస్తాను, దగ్గరికి పోనని చెప్పింది. ఆమె జోలికి పోయావంటే నేను వేరే రకంగా మాట్లాడాల్సి వస్తుంది.

నేను సురేశ్‌బాబు ఇంటికి వెళ్ళాను. వాళ్ళ అమ్మ రెబెకమ్మ వాకిలి ఊడుస్తోంది. చీపురు కింద పెట్టకుండానే, "రెండో చెయ్యి కూడా కావాలంటనా మా మీకు?" అంది. ఆ మాట పడి నిలబడ్డాను. నెత్తి మీద నా కట్టు చూసి కాబోలు, లోపలికి రానిచ్చింది. సురేశ్‌బాబు మంచం మీద ఉన్నాడు, కుడిచెయ్యి మెడకు వేలాడదీసి ఉంది.

ఎందుకు ఆర్పలేదు అని అడిగాను. ఆర్పి ఉంటే ఇదంతా జరిగేది కాదు కదా అన్నాను. వాడు తల్లి వైపు చూశాడు. రెబెకమ్మ చెప్పింది. "మేము చర్చికి పోయేవాళ్ళం మా. ఒట్టు పెట్టుకోకూడదనేది మా నియమం. మీ దేవుడి మీదే కాదు, మా దేవుడి మీద కూడా పెట్టుకోం. బిడ్డ తల మీద కూడా వెయ్యం. వీళ్ళ నాయన చచ్చిపోతా అడిగినాడు, తాగనని ఒట్టెయ్యరా అని. వెయ్యలా. తాగను నాయనా అన్నాడు, అంతే. ఇంతవరకూ తాగలా."

"ఆ మాటే సార్‌కి చెప్పబోయినా" అన్నాడు సురేశ్‌బాబు. "నోరు తెరిచేలోపలే కొక్కెం దిగింది. భయమేస్తే నాకు నవ్వొస్తాది మేడం, చిన్నప్పటినుంచీ అంతే."

విన్నావా మోహనా. వాడు మనల్ని వెక్కిరించలేదు. వాడి ఇంట్లో నీతికి గుర్తు అదే, మన ఇంట్లో దొంగతనానికి గుర్తు అదే. మనకు తెలియకపోతే అడగొచ్చు కదా. నువ్వూ అడగలేదు, నేనూ అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

నేను వెళ్ళింది మాత్రం మిషను కోసమే, దాచను. వచ్చి చూడమని బతిమాలాను. వాడు లేచి కూర్చున్నాడు. "మీ ఫ్యాక్టరీ తగలబడనీ నాకేంది? మీ తమ్ముడు నన్ను పొడిచినప్పుడు మీరు ఆడనే ఉన్నారు. చూళ్ళేదని పోలీసులకి చెప్పినారంట. చూసింది కోర్టులో చెప్పండి. అప్పుడొచ్చి ఎడం చేత్తోనన్నా మీ మిషను బాగుచేస్తా. చెప్పకపోతే మళ్ళా మా ఇంటికి రాబాకండి" అన్నాడు. తప్పేముంది? నేనైతే కొట్టి పంపేదాన్ని.

నేను ఇంతవరకూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. అమ్మ పోయేనాటికి నీకు మాటలు కూడా సరిగా రావు. నిన్ను చంకనేసుకుని పెంచినదాన్ని, కోర్టులో నిలబడి నీకు వ్యతిరేకంగా చెప్పడానికి నాకు నోరు రాదు. నువ్వు అక్కడ లేవని చెప్పడానికీ రాదు. కాబట్టి నువ్వే స్టేషనుకు పోయి లొంగిపో. చేసింది ఒప్పుకో. నేను క్యారియరు కట్టుకుని వారం వారం వస్తాను. నా మాట ఇది ఒక్కటీ విను.

అక్క

*

ఆత్మకూరు,
18 మే, ఆదివారం.

అక్కా,

ఊరిపేరు చూసి ఉలిక్కిపడకు. నేనే వచ్చాను, పని చూసుకుని పోతున్నాను. ఈ కాగితం మన గేటు సందులో పెడతాను. నువ్వు కిటికీ దగ్గర కూర్చుని బియ్యం ఏరుతున్నావు. సన్నబడ్డావు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. లొంగిపో అని నా అక్క నాకు రాయదు. వాడు నిన్ను ఇంట్లో కూర్చోబెట్టి, మిషను ఎర చూపి బెదిరించాడని నాకు తెలుసు. నోటితో చెప్పలేక ఉత్తరంలో రాశావు. నీకు ఆ బాధ లేకుండా చేశాను.

వాడుండే పేటలో వాళ్ళంతా చర్చికి పోయి ఉన్నారు. వాడు చెయ్యి నొప్పని ఇంట్లోనే పడుకున్నాడు. బండి చెయిను తీసుకుని పోయాను. మంచం మీదే నాలుగు వేశాను, కిందికి దొర్లాడు. ఎడం చేత్తో బాగుచేస్తానన్నాడట కదా, ఆ చెయ్యి గడప మీద పెట్టి తొక్కాను. వేళ్ళు విరిగిన చప్పుడు వినపడింది. అంతలో వాడి తల్లి, ఆ ముసలిది, చర్చి నుంచి వచ్చి వాడి మీద పడింది. దాన్ని కొట్టాలని నేను అనుకోలేదు, చెయిను దాని భుజం మీద పడింది. మా అక్క జోలికొస్తే ఇలాగే ఉంటుందని చెప్పి వచ్చాను. మొహానికి తువ్వాలు ఉంది గాని, గొంతు గుర్తుపట్టే ఉంటారు. పట్టనీ.

అయినా వాడు బతికుంటే కోర్టుకు వస్తాడు. కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం పనివాళ్ళను పంపించేసి, వాడిని ఫ్యాక్టరీకి పిలిపించు. చెయ్యితో పని లేదు, నోటితో చెబితే చాలు, మిషను చూడు అని చెప్పు. అడిగేది నువ్వయితే వస్తాడు. వెనక గేటు తాళం తీసి ఉంచు. గ్యాసు మళ్ళీ లీకై పోయాడంటే ఎవరూ అడగరు.

ఇదంతా నీ కోసమే. మనిద్దరికీ మనిద్దరం తప్ప ఎవరున్నారు?

నీ తమ్ముడు

*

ఆత్మకూరు,
21 మే, బుధవారం.

తమ్ముడు రాజమోహన్‌కు,

నువ్వు రాసింది గేటు దగ్గరే చదివాను. తరువాత ఆసుపత్రికి పోయాను.

రెబెకమ్మ భుజం ఎముక రెండుచోట్ల విరిగింది. సురేశ్‌బాబు రెండు చేతులకూ కట్లే. పక్క మంచం మనిషి పెళ్ళాం వాడికి గంజి తాగిస్తోంది. ఈగ మొహం మీద వాలితే తోలుకోలేక తల విదిలిస్తున్నాడు. ఎడం చెయ్యి అని వాడన్న మాట నేను నీకు రాయకుండా ఉంటే ఆ చెయ్యి మిగిలేది. వాడి మొండితనం నీకు నచ్చుతుందనుకుని రాశాను. అంత పిచ్చిదాన్ని నేను.

"ఇంక మీ మిషను చెయ్యను మేడం" అన్నాడు. చెయ్యవద్దన్నాను. ఫ్యాక్టరీకి తాళం వేశాను. పోలేరయ్యకు రెండో కంటికి కొంచెం వెలుగు తెలుస్తోందట, ఆ వైద్యం అయ్యేదాకా ఆ తాళం తియ్యను. తీసే రోజు వస్తే మెకానిక్‌ను ఎలా వెతకాలో నాకు ఇప్పుడు కొంచెం తెలుసు. ఎక్కడ పనిచేశావు, ఆ మిషను ఇప్పుడు ఎలా నడుస్తోంది, చూపించు పదా అంటాను. ఇన్నేళ్ళూ ఆ ఒక్కటీ అడగకుండా కర్పూరం బిళ్ళలు కొన్నాం.

నిన్న కోర్టులో మేజిస్ట్రేట్ గారి ముందు నిలబడ్డాను. సురేశ్‌బాబుతో బేరం కుదిరి కాదు, ఇప్పుడు నాకు ఇవ్వడానికి వాడి దగ్గర ఏమీ లేదు. దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పమన్నారు. ప్రమాణం చెయ్యకూడదనే నియమం ఉన్నవాళ్ళయితే నిజమే చెబుతానని మాట ఇస్తే చాలు, చట్టం ఒప్పుకుంటుంది అని కూడా అన్నారు. వినగానే నాకు ఏడుపు వచ్చింది. అంత పెద్ద కోర్టే ఒప్పుకున్నదాన్ని మన రేకుల ఫ్యాక్టరీలో ఒప్పుకోలేక మనిషిని పొడిచాము. నేనూ మాటే ఇచ్చాను. కొక్కెం దగ్గరనుంచి చెప్పాను. నువ్వు గేటులో పెట్టిన కాగితం కూడా ఇచ్చాను. చెబుతున్నంతసేపూ చిన్నప్పటి నీ మొహమే కళ్ళముందు ఉంది. అయినా ఆపలేదు.

నువ్వున్న చోటు కూడా చెప్పాను.

ఈ ఉత్తరం నాగులమ్మ తేలేదు. తలుపు కింద నుంచి తోసింది కానిస్టేబులు. షెడ్డుకు నాలుగువైపులా మనుషులున్నారు, తుపాకులున్నాయి. ఉత్తరం చదివేదాకా ఆగమని ఎస్సై కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. నేనూ వచ్చాను, ఈ చివరి ముక్కలు తోట బయట రోడ్డు మీద జీపులో కూర్చునే రాస్తున్నాను. నువ్వు ఎదురు తిరిగితే కాలుస్తారు, నేను ఇక్కడినుంచి వింటాను. ఆ చప్పుడు నాకు వినిపించకు.

ఏమీ పట్టుకోకుండా చేతులు పైకెత్తి బయటికి రా. ఎత్తడానికి నీకు రెండు చేతులూ ఉన్నాయి.

అక్క,
మాలకొండమ్మ